నలభై రెండు మెట్లు

గోడ మీది ఫ్రేము కిందపడి భళ్లున పగిలింది. అయినా అన్నదమ్ములిద్దరూ ఒకరి కాలరు ఒకరు వదల్లేదు.

"వదలరా!"

"నువ్వు వదులు ముందు. పొద్దున్న యూనియన్ ఆఫీసులో అందరి ముందూ నా కాగితాలు చింపిందెవరు? నేనా?"

"దొంగ లెక్క రాస్తే చింపక నెత్తిన పెట్టుకుంటానా?"

ఆ మాట పూర్తవకుండానే తమ్ముడు అన్నని గోడకేసి గుద్దాడు. సున్నం జలజలా రాలింది. అన్న మోకాలెత్తి తమ్ముడి డొక్కలో పొడిచాడు. ఇద్దరూ కలిసి కుర్చీ మీద పడ్డారు. కుర్చీ వెనక్కి విరిగి, నీళ్ల డబ్బా దొర్లి, గదంతా తడి. లేచేటప్పుడు తమ్ముడి పెదవి తలుపు అంచుకి తగిలి చిట్లింది. గడ్డం మీదికి నెత్తురు కారింది.

"ఏమండీ, ఆగండి! ఇది షూటింగ్ కాదు, కట్ చెప్పడానికి ఎవడూ లేడిక్కడ!" అని వంటగది గుమ్మంలోంచి ఇల్లాలు అరిచింది. మధ్యలోకి మాత్రం రాలేదు. ఒకసారి వచ్చి మోచేతి పోటు తిని దవడ పట్టుకుని ఉంది.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు అది. ఇద్దరు ఫైటర్లు కొట్టుకోవడానికి ఏ మూలా చాలదు.

అన్నకి యాభై రెండేళ్లు. సినిమా లైనులో అందరూ ఆయన్ని మెట్లాయన అంటారు. ఇరవై రెండేళ్ల కిందట ఒక సినిమాలో హీరో బదులు కోట మెట్లు నలభై రెండూ దొర్లినందుకు వచ్చిన పేరది. తమ్ముడు అద్దాలు పగలగొట్టుకుని దూకుతాడు కాబట్టి అతన్ని గాజు అంటారు. హీరోగారు గొడుగు కింద కూర్చుని జ్యూసు తాగుతుంటే ఆయన చొక్కా తొడుక్కుని, ఆయన విగ్గు పెట్టుకుని, ఆయన బదులు ఎముకలు విరగ్గొట్టుకునే జాతి వీళ్లది. ఈలలు ఆయనకి, పిండికట్లు వీళ్లకి.

ఇంత చేసినా తెర మీద పేరు పడదు. మెట్లాయన వంద సినిమాలు చేశాడు. పేరు పడింది ఒక్కదాంట్లోనే, ఆ మెట్ల సినిమాలో. 'ఫైట్స్' అని ఉన్నచోట పదకొండు పేర్ల వరసలో ఏడోది. కళ్లు మూసి తెరిచేలోగా వెళ్లిపోతుంది. కూతురు ఆ ఒక్క క్షణాన్ని ఆపి, ఫోటో తీయించి, మొదటి జీతంతో ఫ్రేము కట్టించి నాన్న పుట్టినరోజుకి ఇచ్చింది. ఇప్పుడు పగిలి నీళ్లలో పడి ఉన్నది అదే.

కూతురు వంగి ఆ ఫోటో తీసింది. గాజుముక్క గుచ్చుకుని వేలి నుంచి రక్తం వచ్చింది. చూసుకోలేదు.

"బాబాయ్, సిగ్గనిపించలేదూ? మా నాన్నకి ఉన్నదే ఈ ఒక్క టైటిలు. అది నీదని ఎలా రాశావు?"

"అమ్మలూ, నువ్వు లోపలికి పో."

"పోను. ఆ సినిమా నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. స్కూల్లో అందరికీ చూపించాను. మా నాన్నని చూడండ్రా అని."

తమ్ముడు పెదవి మీద నెత్తురు భుజానికి తుడుచుకున్నాడు. "చూశావు. వీపు చూశావు. మొహం చూశావా?"



"డూపు మొహం ఎవడు చూపిస్తాడ్రా, వెధవా!" అని మెట్లాయన అరిచాడు. గొంతు అవసరానికి మించి లేచింది. ఆ సంగతి ఆయనకే తెలిసింది. భార్య ఒకసారి ఆయన మొహంలోకి చూసింది.

మాస్టరు కార్డు కోసం వచ్చిన గొడవ ఇది. వంద సినిమాలు చేసిన ఫైటరుకి యూనియను ఫైట్ మాస్టరు కార్డు ఇస్తుంది. కార్డుంటే ఇంక దూకక్కర్లేదు, దూకించొచ్చు. కుర్చీలో కూర్చుని బతకొచ్చు. పేర్లు తెర మీద పడవు కాబట్టి సాక్ష్యానికి ఒంటినే అడుగుతారు. కమిటీ పెద్దలు ఐదుగురు బల్ల వెనక కూర్చుంటారు. చొక్కా విప్పి నిలబడి ఒక్కో మచ్చా చూపిస్తూ ఏ సినిమాదో చెప్పాలి. రేపు పొద్దున్న పదింటికి మెట్లాయన వంతు. తమ్ముడి వంతు కూడా.

ఇద్దరి లెక్కా ఆ మెట్ల సినిమా కలిస్తేనే వంద. లేకపోతే ఇద్దరికీ తొంభై తొమ్మిది.

"కూర్చో చిన్నా," అంది ఇల్లాలు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి మరిదికి పదిహేడేళ్లు. అప్పటి పిలుపు అలాగే ఉండిపోయింది. "కూర్చుని మాట్లాడు. ఆయన సినిమాలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఏ సినిమా, ఏ తారీఖు, ఎక్కడ దెబ్బ, నా చేత్తో నేను రాసిందే. మెట్ల సినిమా నలభై ఒకటో వరస. కావాలంటే తీసుకొస్తాను."

"ఆ వరసలో దెబ్బ దగ్గర ఏం రాశావు వదినా?"

"దెబ్బ లేదు అని రాశాను. వంద సినిమాల్లోనూ అదొక్కటే అలా రాసింది. ఆ రోజు ఆయన గీత పడకుండా ఇంటికొస్తే వీధి వీధంతా చెప్పుకున్నాను."

"చెప్పుకున్నావు. విన్నాను." తమ్ముడు నవ్వాడు. పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. "నలభై రెండు మెట్లు. రాతి మెట్లు. గీత పడలేదు. నీకెప్పుడూ అనుమానం రాలేదా వదినా? కిందికెళ్లి కూరగాయల సంచీ తీసుకురావాలంటే మెట్ల కమ్మీ పట్టుకుని గోడవైపు చూస్తూ దిగుతాడు మీ ఆయన."

"మోకాలు! నా మోకాల్లో స్టీలు ప్లేటుందిరా!"

"ప్లేటు పడి ఆరేళ్లు. కమ్మీ ఎప్పట్నుంచి పట్టుకుంటున్నావు?"

కూతురు నాన్న వైపు చూసింది. ఆ చూపులో ఇంకా నమ్మకమే ఉంది. ఆయనకి దానివల్లే భయం వేసింది.

గొంతు తగ్గించాడు. "ఒరేయ్, నా మాట విను. నీకు నలభై ఒకటి. ఒళ్లు రాయిలా ఉంది. వచ్చేనెల ఇంకో సినిమా చేస్తే నీ వంద నీకవుతుంది. నాకు మోకాలు లేదు, నడుం లేదు. రేపు కార్డు రాకపోతే ఈ లైనులో నేను టీ కప్పులు మోయడానికి కూడా పనికిరాను. ఒక్క సినిమా. అన్నకి ఒక్క సినిమా వదల్లేవా?"

"ఇరవై రెండేళ్లు వదిలాను కదా."

"ఇంకొక్క నెల ఆగరా!"

"ఆగలేను."

"ఎందుకాగలేవు? పొగరు!"

"పొగరు కాదు అన్నయ్యా. నేనింక దూకలేను. ఒక్కటి కూడా. పోయిన వారం బల్ల మీంచి దిగుతూ పడ్డాను, తెలుసా? బల్ల మీంచి. ఈ తూలుడు ఆ రోజుదే. ఆ మెట్ల మీద ఆ రోజు నువ్వు పైన నిలబడి..."

మెట్లాయన చెయ్యి లేచింది.

ఫైట్‌లో దెబ్బకి ఒక లెక్కుంటుంది. ఒకటికి భుజం, రెండుకి చెయ్యి, మూడుకి అవతలివాడి తల. కొట్టేవాడు పిడికిలిని నాలుగు వేళ్ల దూరంలో ఆపాలి. తినేవాడు మూడుకి తల విసరాలి. ముప్పై ఏళ్లలో మెట్లాయన పిడికిలి ఒక్కడి దవడ కూడా తాకలేదు. ఇందాకట్నుంచీ తోసుకున్నారు, పొడుచుకున్నారు, చొక్కాలు చింపుకున్నారు. మొహం మీద మాత్రం చెయ్యి పడలేదు. ఆ లెక్క తమ్ముడికి నేర్పిందీ ఆయనే.

వేరేవాడైతే తప్పుకునేవాడు. తమ్ముడు ఫైటరు కాబట్టి నిలబడ్డాడు. అన్న భుజం లేవడం చూసి, చెంప అప్పగించి, మూడు కోసం చూశాడు.

పిడికిలి ఆగలేదు.

సినిమాలో దెబ్బ చప్పుడు తర్వాత ఎవరో గదిలో కూర్చుని కలుపుతారు. అసలు దెబ్బ చప్పుడు చాలా చిన్నది, తడిగుడ్డ బండకేసి కొట్టినట్టు. తమ్ముడు నిలువునా వెనక్కి పడ్డాడు. పడేటప్పుడు గడ్డం గుండెకి ఆన్చాలన్నది మొదటిరోజు పాఠం. ఆన్చలేదు. నిజంగా పడాల్సి వస్తుందని అతను అనుకోలేదు. వెనకనున్న ఇనప మంచం కోడుకి తల తగిలింది.

ఆ చప్పుడు మాత్రం పెద్దది.

ఇల్లాలు పరుగెత్తుకొచ్చి అతని తల ఒళ్లోకి తీసుకుంది. దండెం మీది తువ్వాలు లాగి నెత్తురు వచ్చేచోట అదిమింది. "ఎంత పని చేశారండీ! మీ చేతులు పడిపోను! కట్టుకున్న నేనున్నాను, కన్నకూతురు ఉంది, చూస్తుండగా..." అంటూనే కూతురితో, "అంబులెన్సుకి ఫోన్ చెయ్యవే, అలా నిలబడతావేం!" అంది.

కూతురు చేసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, "ముప్పావుగంట పడుతుందట. కింద ఇంటివాళ్ల కారు ఉందేమో చూస్తాను," అని చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

మెట్లాయన తన పిడికిలి చూసుకున్నాడు. రెండు కణుపుల మీద తోలు లేచిపోయింది. వందో వరస దాటిన కొత్త దెబ్బ.

"అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. కళ్లు తెరిచాడు కానీ చూపు అన్న మీద నిలవలేదు, కాస్త పక్కకి పోయింది. "మూడుకే విసిరాను కదా. ముందు విసిరానా?"

వీడు తన తప్పనుకుంటున్నాడు. టైమింగ్ తప్పానని అన్నకి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు.

"లేదురా. సరిగ్గానే విసిరావు."

"మరేంటి... తగిలింది?"

ఇల్లాలు తువ్వాలు ఎత్తి గాయం ఎంత లోతుందో చూద్దామని జుట్టు పాయలు తీసింది. నెత్తురు వస్తున్న చోటు చిన్నదే. దానికి పక్కనే, చెవి వెనక నుంచి నడినెత్తి దాకా, ఆవిడ వేలు ఒక గాడిలో పడింది. జుట్టు మొలవని గాడి. రెండు వైపులా కుట్లు వేసిన గుర్తులు. ఎప్పటిదో పాతది.

ఆ ఇంట్లో మచ్చ కనిపిస్తే అడిగే ప్రశ్న ఒకటే.

"ఇది ఏ సినిమాది చిన్నా?"

చెప్పాల్సింది తను కాదన్నట్టు తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

"డాక్టరు చెప్పాడు వదినా... పోయిన వారం," అన్నాడు. "తల మీద ఇంకోటి పడకూడదని. అందుకే ఆగలేనన్నాను."

ఇల్లాలి చెయ్యి ఆ గాడి మీదే ఆగిపోయింది. తల ఎత్తి భర్త వైపు చూసింది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఒంటి మీద ప్రతి మచ్చా ఆవిడకి తెలుసు. చీకట్లో తడిమి కూడా చెప్పగలదు. ఆవిడ చూపు ఆయన నెత్తి మీద, భుజాల మీద, చేతుల మీద తిరిగి మళ్లీ మొహం మీదికి వచ్చింది.

"ఆ సంవత్సరం వీడు రెండు నెలలు ఇంటికి రాలేదు. అవుట్‌డోరు షూటింగుకి వెళ్లాడన్నారు మీరు."



ఆ రోజు కోట పై మెట్టు మీద మెట్లాయనే నిలబడ్డాడు. హీరో చొక్కా, హీరో విగ్గు. కింద కెమెరా, దాని చుట్టూ నూటయాభై మంది. రెడీ అని కేక వినిపించింది. కిందికి చూశాడు. మోకాళ్ల కింద కాళ్లు ఉన్నట్టే తెలియలేదు. కడుపులో తిప్పుతోందని చెప్పి స్తంభం వెనక్కి వెళ్లి, గోడకి ఆనుకుని ఏడ్చాడు. అక్కడికి వచ్చాడు తమ్ముడు. పంతొమ్మిదేళ్లవాడు, మీసం సరిగ్గా రానివాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. చెయ్యి చాచి, "ఇటివ్వు అన్నయ్యా, చొక్కా," అన్నాడు.

వీపే కదా కనబడేది. ఎవడికి తెలుస్తుంది?

కింద దుమ్ములో బోర్లా పడున్న వాణ్ని ముందుగా పరుగెత్తి ఎత్తుకున్నది ఆయనే. వ్యానులోకి మోసుకుపోయి, విగ్గు కింద నెత్తురు చూసి, తలుపు వేసి, మళ్లీ చొక్కాలు మార్చాడు. నెత్తుటి చొక్కా తను తొడుక్కుని బయటికి వచ్చాడు. చప్పట్లు. డైరెక్టరు కావలించుకున్నాడు. "నీ పేరు టైటిల్స్‌లో వేస్తానయ్యా," అన్నాడు.

వేశాడు కూడా. ఏడో పేరు.

"ఆ నలభై ఒకటో వరసలో దెబ్బ లేదు అని నా చేత్తో రాశాను," అంది ఇల్లాలు. అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది ఆయనకి. "ఆ దెబ్బ ఇదిగో, ఇక్కడుంది. ఇన్నేళ్లూ నా చేతి అన్నం తింటూ, నా ఎదురుగానే కూర్చుంది."

"నీకు చెబుదామనే..."

"ఎప్పుడు? రేపు పదింటికి, చొక్కా విప్పాకా?"

ఆయన ఏదో అనబోయాడు. అంతలో తమ్ముడి తల ఆవిడ మోకాలి మీద పక్కకి వాలింది. చెవిలోంచి సన్నగా ఒక ధార జారింది. నెత్తురు కాదు. నీళ్లలాంటిది, లేత గులాబీ రంగులో.

మెట్లాయన అలాంటి ధార ఇంతకుముందు ఒకసారి చూశాడు, ఎత్తైన గోడ మీంచి పడ్డ ఒక ఫైటరు చెవిలో. అతన్ని ఆసుపత్రి దాకా తీసుకెళ్లలేకపోయారు.

"లేపు," అన్నాడు. "నా వీపు మీదికి ఎక్కించు. లేపవే!"

ఇద్దరూ కలిసి లేపారు. తమ్ముడి చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, తొడల కింద రెండు చేతులూ పెట్టి బిగించి లేచాడు. మోకాల్లో ప్లేటు కసుక్కుమంది. పళ్లు కొరికాడు. పగిలిన గాజు మీద కాలేసి నడిచాడు. గుమ్మం దాటేదాకా నెత్తుటి అడుగులు పడ్డాయి. అవి ఎవరి నెత్తురో చెప్పడం కష్టం.

కింద కారు హారను మోగింది. ఆగకుండా మోగుతోంది.

వరండా చివర మెట్లు మొదలవుతాయి. అక్కడికి వచ్చి ఆగాడు.

రోజూ దిగే మెట్లే. ఒక చెయ్యి కమ్మీ మీద, కళ్లు గోడ మీద. ఇవాళ రెండు చేతులూ ఖాళీ లేవు. కళ్లు తిప్పుకుందామంటే వీపు మీద బరువు మెడ వంచేస్తోంది. కిందికి చూడక తప్పలేదు.

మెట్టు కింద మెట్టు, మెట్టు కింద మెట్టు. మలుపు దగ్గర కిటికీ వెలుతురు. ఆ వెలుతురులో కూతురు నిలబడి పైకి చూస్తోంది. సరిగ్గా ఆ రోజు కెమెరా ఉన్నచోట.

"నాన్నా! కారు స్టార్టు చేసే ఉంది, రా!"

కుడికాలు ఎత్తమని తనకి తాను చెప్పుకున్నాడు. కాలు వినలేదు.

"నాన్నా, ఏంటలా నిలబడ్డావు? రా!"

చెమట కళ్లలోకి జారింది. మోకాళ్ల కింద ఏమీ లేదు. మెడ వెనక వెచ్చగా తడి పాకుతోంది, తమ్ముడి చెవిలోది. వెనకనుంచి ఇల్లాలు వచ్చింది. ఆయన పాదాల వైపు చూసింది. మెట్టు అంచుని పట్టుకుని తెల్లబడిన కాలివేళ్లని చూసింది. పుస్తకంలో ఎక్కడా రాయనిది ఆవిడకి అప్పుడు కనిపించింది.

"ఆ రోజూ ఇంతేనా?" అంది మెల్లిగా.

కింద కూతురు నోరు తెరిచింది. ఈసారి పిలుపు రాలేదు. ఆ పిల్ల కూడా ఆయన కాళ్లనే చూస్తోంది.

హారను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వీపు మీద బరువు కాస్త కదిలింది. వేళ్లు ఆయన చిరిగిన చొక్కా మీద తడుముకున్నాయి. గుండీ కోసం వెతికాయి. చెవి పక్కనే, నిద్దట్లో మాట్లాడుతున్నట్టు, పంతొమ్మిదేళ్ల గొంతుతో తమ్ముడు అన్నాడు:

"ఇటివ్వు అన్నయ్యా... చొక్కా."